షేర్డ్ లైబ్రరీ దొరకడం లేదంటే ఏం చేయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేసే మన తెలుగు పిల్లలు సైన్సు సాఫ్ట్‌వేర్ పెట్టుకునేటప్పుడు నన్ను అడిగే ప్రశ్నలు తిప్పి తిప్పి ఓ ఇరవై ఉంటాయి. కాలేజీ నోటీసు ఒడియాలో, ఎర్రర్ ఇంగ్లీషులో, సందేహం తెలుగులో. రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో అదే జవాబు మళ్లీ మళ్లీ కొట్టలేక అన్నీ ఒకచోట చేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమవుతుంది కాబట్టి మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లిపోండి.

కమాండ్లను పలికే తీరులో తెలుగు లిపిలోనే రాశాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో కొట్టాలి. పెద్ద అక్షరాలు అవసరమైన చోట ఆ మాట చెప్పాను. నా దగ్గరికి వచ్చే ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ ఉబుంటు లినక్సువే కనుక ఉదాహరణలు కూడా దానివే.

## ఎర్రర్ కనిపించిన వెంటనే

షేర్డ్ లైబ్రరీ తెరవలేకపోయానని చెప్పి ప్రోగ్రామ్ ఆగిపోయింది. నా ఇన్‌పుట్ ఫైలులో తప్పుందా?

లేదు. మీ ఇన్‌పుట్ ఫైలును అది ఇంకా ముట్టుకోనే లేదు. చాలా ప్రోగ్రాములు తమకు కావలసిన కోడంతా వెంట మోసుకురావు. మాత్రికల గుణకారం, బొమ్మలు చదవడం, ఫోరియర్ పరివర్తన వంటి ఉమ్మడి పనుల కోడు ఎస్ఓ అనే తోక ఉన్న విడి ఫైళ్లలో ఉంటుంది. ప్రోగ్రామ్ మొదలయ్యే ముందు లోడర్ అనే సిస్టమ్ భాగం ఆ ఫైళ్ల జాబితా తీసి ఒక్కొక్కదాన్నీ వెతుకుతుంది. ఒక్కటి దొరకకపోయినా ప్రోగ్రామ్‌లోని మొదటి వరుస కూడా నడవదు. ఒక కెమిస్ట్రీ అమ్మాయి రెండు రోజుల పాటు అణువుల నిర్దేశాంకాలు మార్చి మార్చి చూసింది, చివరికి తేలిందేమిటంటే కంప్యూటర్‌లో ఫోర్ట్రాన్ లైబ్రరీ లేదు.

ఆ ఎర్రర్ వరుసలో అసలు చూడవలసింది ఏమిటి?

ఫైలు పేరూ, దాని చివరనున్న అంకె. ఉదాహరణకు లిబ్‌జీఫోర్ట్రాన్.ఎస్ఓ.3 అని ఉందనుకోండి. ‘లిబ్’ అంటే లైబ్రరీ, మధ్యలోది దాని పేరు, ‘ఎస్ఓ’ దాని రకం. చివరి 3 ఆ లైబ్రరీ ఏ తరానిదో చెబుతుంది. జీసీసీ అంటే సోర్సు కోడును నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్. జీసీసీ 6 దాకా ఫోర్ట్రాన్ లైబ్రరీ అంకె 3, జీసీసీ 7లో 4, జీసీసీ 8 నుంచి 5. అంటే 3 అడుగుతున్న ప్రోగ్రామ్ పాత కంపైలర్‌తో తయారైంది, మీ కంప్యూటర్‌లో బహుశా 5 మాత్రమే ఉంది. లైబ్రరీ లేకపోవడం వేరు, వేరే తరానిది ఉండడం వేరు. మందు కూడా వేరు. ఆ అంకె చదవకుండానే సగం మంది గూగుల్‌కు వెళ్లిపోతారు.

ఒకటి పెడితే ఇంకొకటి లేదంటోంది. ఇలా ఎన్నిసార్లు?

లోడర్ మొదట దొరకని దాని దగ్గరే ఆగిపోతుంది, తర్వాతవాటి సంగతి చెప్పదు. మొత్తం జాబితా ఒకేసారి కావాలంటే ఎల్‌డీడీ అనే కమాండ్ పక్కన ప్రోగ్రామ్ పూర్తి దారి ఇచ్చి నడపండి. దొరికిన ప్రతి లైబ్రరీ ఎదుట అది ఉన్న చోటు, దొరకనివాటి ఎదుట దొరకలేదన్న మాట కనిపిస్తాయి. దొరకనివన్నీ కాగితం మీద రాసుకుని ఒకే విడతలో పెట్టండి.

ఒక జాగ్రత్త. ఎక్కడిదో తెలియని ప్రోగ్రామ్ మీద ఎల్‌డీడీ వాడకండి, కొన్ని సందర్భాల్లో అది ఆ ఫైలులోని కోడును నడిపేస్తుంది. అలాంటప్పుడు ఆబ్జ్‌డంప్ కమాండ్‌ను హైఫన్ పి తో నడిపితే ప్రోగ్రామ్ నేరుగా అడిగే లైబ్రరీల పేర్లు మాత్రం చూపిస్తుంది, ఏదీ నడపదు.

ఫైలు కళ్ల ముందే ఉంది, నడపబోతే అలాంటి ఫైలు లేదంటోంది. ఇదేమి వింత?

లేనిది మీ ఫైలు కాదు, దాన్ని నడపవలసిన లోడర్. పాత పరికరాలతో వచ్చే సాఫ్ట్‌వేర్‌లో ఇది మామూలే. ఆ ప్రోగ్రామ్ 32 బిట్లది, మీ ఉబుంటులో 64 బిట్ల లోడర్ మాత్రమే ఉంది. ‘ఫైల్’ అనే కమాండ్‌కు ఆ పేరు ఇస్తే ఎన్ని బిట్లదో చెబుతుంది. 32 అని తేలితే డీపీకేజీ అనే ప్యాకేజీ సాధనం ద్వారా ఐ386 ఆర్కిటెక్చర్‌ను చేర్చి, జాబితాను అప్‌డేట్ చేసి, లిబ్‌సీ6:ఐ386 ప్యాకేజీ పెట్టాలి. ఆ తర్వాత కావలసిన మిగతా లైబ్రరీలన్నీ కూడా ఐ386 తోకతోనే పెట్టాలి.

## ఏ ప్యాకేజీ పెట్టాలో తెలియనప్పుడు

ఎర్రర్ ఫైలు పేరు చెబుతోంది, ఆప్ట్ ప్యాకేజీ పేరు అడుగుతోంది. ఈ రెండింటికీ లంకె ఎలా?

ఆప్ట్ అంటే ఉబుంటులో ప్యాకేజీలు పెట్టే కమాండ్. దానికి తోడు ఆప్ట్-ఫైల్ అనే చిన్న సాధనం పెట్టుకుని, ఒకసారి దాని జాబితాను అప్‌డేట్ చేసి, ‘ఆప్ట్-ఫైల్ సెర్చ్’ పక్కన ఫైలు పేరు ఇవ్వండి. ఆ ఫైలు ఏ ప్యాకేజీలో ఉందో చెబుతుంది. ఫెడోరా, రాకీ వాడేవారికి ‘డీఎన్ఎఫ్ ప్రొవైడ్స్’ ఇదే పని చేస్తుంది.

ఊహించి కూడా చెప్పవచ్చు. లిబ్‌జీఎల్.ఎస్ఓ.1 లిబ్‌జీఎల్1లో, లిబ్‌జీఫోర్ట్రాన్.ఎస్ఓ.5 లిబ్‌జీఫోర్ట్రాన్5లో ఉంటాయి. కానీ ఊహ ఎప్పుడూ నిలవదు. లిబ్‌ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ3.ఎస్ఓ.3 అనే ఫైలు ఉన్న ప్యాకేజీ పేరు చివర ‘డబుల్3’ అని ఉంటుంది. అదే పేరులో 3 తర్వాత ఎఫ్ చేరితే అది ‘సింగిల్3’ ప్యాకేజీలోది. అణువుల కదలికలు లెక్కకట్టే గ్రోమాక్స్ మామూలు మిశ్రమ ఖచ్చితత్వంలో అడిగేది ఈ రెండోదాన్నే. ఒక్క ఎఫ్ అక్షరం చూడక పూటంతా పోగొట్టుకున్నవాళ్లున్నారు.

లైబ్రరీ పెట్టాను, ఎల్‌డీడీలో కూడా కనిపిస్తోంది. కంపైల్ చేస్తే మాత్రం దొరకలేదంటోంది.

నడిపేటప్పుడు వెతికేవాడు వేరు, కంపైల్ చేసేటప్పుడు వెతికేవాడు వేరు. నడిపేటప్పుడు లోడర్ అంకె ఉన్న పేరు కోసం చూస్తుంది. కంపైల్ చివర ముక్కలన్నీ కలిపే లింకర్ అంకె లేని పేరు కోసం చూస్తుంది. ఆ అంకె లేని పేరు, హెడర్ ఫైళ్లు ‘డెవ్’ తోక ఉన్న ప్యాకేజీలో వస్తాయి. ఓపెన్‌బ్లాస్‌తో కంపైల్ చేయాలంటే లిబ్‌ఓపెన్‌బ్లాస్-డెవ్ కావాలి. ఎర్రర్‌లో హైఫన్ ఎల్ పక్కన పేరు కనిపిస్తే అది లింకర్ గొంతని గుర్తుపట్టండి.

ఉబుంటు 24.04లో పాత పాఠాల్లో ఉన్న ప్యాకేజీ పేర్లు దొరకడం లేదు. తీసేశారా?

చాలావాటికి పేరు చివర టీ64 చేరింది. 32 బిట్ల కాలగణన 2038 జనవరి 19తో నిండిపోతుంది. దాన్ని సరిచేసే క్రమంలో డెబియన్, ఉబుంటు వందలాది లైబ్రరీ ప్యాకేజీల పేర్లు మార్చాయి. లిబ్‌ఫ్యూజ్2 ఇప్పుడు లిబ్‌ఫ్యూజ్2టీ64. పాత పేరుకు టీ64 తగిలించి వెతకండి. లిబ్‌టిన్ఫో5, లిబ్‌ఎన్‌కర్సెస్5 మాత్రం ఆ విడుదలలో నిజంగానే లేవు.

ఒక సైటులో ఆ ఎస్ఓ ఫైలు ఒక్కటే దొరికింది. దించుకుని యూఎస్ఆర్ లిబ్ ఫోల్డర్‌లో పడేయమంటారా?

వద్దు. ఎవరు తయారు చేశారో తెలియని కోడును మీ కంప్యూటర్‌లోని ప్రతి ప్రోగ్రామూ నమ్మే చోట పెట్టడం అది. పైగా ప్యాకేజీ మేనేజర్‌కు దాని సంగతే తెలియదు, రేపు అప్‌డేట్ వచ్చినప్పుడు ఆ ఫైలును పట్టించుకునే నాథుడుండడు.

## ఫైలు ఉంది, ప్రోగ్రామ్‌కు కనపడదు

వెతికితే లైబ్రరీ ఆప్ట్ (ఓపీటీ, ప్యాకేజీలు పెట్టే ఆప్ట్ కాదు) ఫోల్డర్‌లోనో యూఎస్ఆర్ లోకల్‌లోనో ఉంది. ప్రోగ్రామ్‌కు ఎందుకు దొరకదు?

లోడర్ కంప్యూటరంతా గాలించదు, తనకు చెప్పిన చోట్లే చూస్తుంది. మొదట ప్రోగ్రామ్ లోపల రాసిన ఆర్‌పాత్, తర్వాత ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, తర్వాత ప్రోగ్రామ్ లోపలి రన్‌పాత్, ఆ తర్వాత ఎల్‌డీ.ఎస్ఓ.క్యాష్ అనే జాబితా, చివరగా లిబ్, యూఎస్ఆర్ లిబ్ ఫోల్డర్లు. లోపల రన్‌పాత్ రాసి ఉంటే ఆర్‌పాత్‌ను పట్టించుకోదు.

మీరే కంపైల్ చేసి ‘మేక్ ఇన్‌స్టాల్’ చేశాక ఈ ఎర్రర్ వస్తే, నూటికి తొంభై సార్లు మరచిపోయింది ఒక్కటే: సుడోతో (అంటే అడ్మిన్ హక్కుతో) ఎల్‌డీకాన్ఫిగ్. ఆ జాబితాను తాజా చేసేది అదే. లైబ్రరీ అలవాటు లేని చోట ఉంటే ఈటీసీలోని ఎల్‌డీ.ఎస్ఓ.కాన్ఫ్.డి ఫోల్డర్‌లో కాన్ఫ్ తోకతో ఒక చిన్న ఫైలు పెట్టి, అందులో ఆ ఫోల్డర్ దారిని ఒకే వరుసగా రాసి, మళ్లీ ఎల్‌డీకాన్ఫిగ్ నడపండి. హైఫన్ పి తో నడిపితే జాబితాలో చేరిందో లేదో తెలిసిపోతుంది.

ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌ను, టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ చదివే బాష్ఆర్‌సీ ఫైలులో రాసేస్తే ఒక్కసారితో పీడ పోతుంది కదా?

ఆ పీడ పోయి వేరే పీడ వస్తుంది. ఆ వేరియబుల్ (పేరంతా పెద్ద అక్షరాల్లో ఉండాలి) మీరు కోరుకున్న ప్రోగ్రామ్‌కే కాదు, ఆ టెర్మినల్‌లో నడిచే ప్రతిదానికీ వర్తిస్తుంది. సైన్సు సాఫ్ట్‌వేర్ తనతో తెచ్చుకున్న పాత కర్ల్ లైబ్రరీని గిట్ ఎత్తుకుంటుంది, ఆ సాయంత్రం నుంచి గిట్ పనిచేయదు. అప్పుడు నాకు ఫోను వస్తుంది: ‘అన్నా, ఏమీ చేయలేదు, దానంతట అదే పాడైంది.’

వాడక తప్పకపోతే ఆ ఒక్క కమాండ్ ముందు మాత్రమే అదే వరుసలో రాయండి, లేదా రెండు వరుసల షెల్ స్క్రిప్ట్ చేసుకుని దానితో ప్రోగ్రామ్‌ను నడపండి. విలువ చివర ఊరికే కోలన్ వదలకండి, ఖాళీ చోటంటే ప్రస్తుతం ఉన్న ఫోల్డర్ అని అర్థం. సుడోతో నడిపితే ఈ వేరియబుల్ మామూలుగా లోపలికి చేరదు, దాని కోసం గంటలు పోగొట్టుకోకండి. శాశ్వతమైన మందు కావాలంటే ప్యాచ్‌ఎల్ఫ్ అనే సాధనంతో ప్రోగ్రామ్ లోపలే దారి రాయవచ్చు. డాలర్ గుర్తు పక్కన పెద్ద అక్షరాల్లో ఆరిజిన్ అని రాస్తే, ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్ నుంచే దారి లెక్కపెడుతుంది. ఫోల్డర్ మొత్తాన్ని వేరే కంప్యూటర్‌కు మార్చినా పనిచేస్తుంది.

లోడర్ ఎక్కడెక్కడ వెతుకుతోందో కళ్లారా చూడవచ్చా?

చూడవచ్చు. ప్రోగ్రామ్ పేరుకు ముందు పెద్ద అక్షరాల్లో ఎల్‌డీ_డీబగ్, సమానం గుర్తు, చిన్న అక్షరాల్లో లిబ్స్ అని రాసి నడపండి. ఏ లైబ్రరీ కోసం ఏ ఫోల్డర్ తలుపు తట్టిందో వరుసగా వస్తుంది. చాంతాడంత పొడుగుంటుంది కాబట్టి ఫైలులోకి మళ్లించి తీరిగ్గా చదవండి.

## వెర్షన్ పొసగనప్పుడు

3 అడుగుతోంది, నా దగ్గర 5 ఉంది. 5ను 3 పేరుతో లింకు చేస్తే అయిపోదా?

ఇదే నన్ను ఎక్కువ సార్లు అడిగిన ప్రశ్న. నౌపడా నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్లే లైను మన పెద్దవాళ్లకు చిన్న రైలుగానే గుర్తు. పట్టాల మధ్య ఎడం 762 మిల్లీమీటర్లు. 2011కల్లా గుణుపురం దాకా అది 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజి అయింది. ఊళ్లు అవే, స్టేషన్ బోర్డుల మీద పేర్లు అవే. ఆ పేర్లు చూసి పాత చిన్న ఇంజిన్‌ను కొత్త పట్టాల మీద పెడితే చక్రాలు ఎక్కడ పడతాయి? లింకు చేయడమంటే బోర్డు మీద పేరు మార్చడమే. గేజి మారదు.

లైబ్రరీ చివరి అంకె పెరిగిందంటే, దాన్ని తయారు చేసినవాళ్లే ‘పాతవాటితో పొసగదు’ అని ప్రకటించారని అర్థం. ఫంక్షన్ తీసేసి ఉండవచ్చు, అప్పుడు ప్రోగ్రామ్ వెంటనే ఆగిపోతుంది, అది మీ అదృష్టం. డేటా అమరిక మారి ఉంటే ప్రోగ్రామ్ నడుస్తుంది, జవాబులు ఇస్తుంది, అవి తప్పు. థీసిస్‌లో ఆ తప్పు అంకెలు ఎక్కాక ఎవరు పట్టుకుంటారు? అడిగిన తరం లైబ్రరీనే తెచ్చుకోండి, లేదా సోర్సు కోడు నుంచి ప్రోగ్రామ్‌ను మీ కంప్యూటర్‌లోనే మళ్లీ కంపైల్ చేయండి.

జీలిబ్‌సీ 2.34 కావాలంటోంది. దాన్ని ఒక్కదాన్నే అప్‌గ్రేడ్ చేయవచ్చా?

చేయకండి. జీలిబ్‌సీ అంటే సీ లైబ్రరీ. దాని మీద ఆ కంప్యూటర్‌లోని దాదాపు ప్రతి ప్రోగ్రామూ నిలబడి ఉంది. ఒకప్పుడు నా సొంత కంప్యూటర్‌లో నేనే ఈ పని చేశాను. ఎంటర్ కొట్టాక ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ కూడా నడవలేదు, సుడో నడవలేదు, చివరికి పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి పాత ఫైలును వెనక్కి పెట్టాల్సి వచ్చింది.

ఉబుంటు 20.04లో ఉన్నది 2.31, 22.04లో 2.35, 24.04లో 2.39. అంటే 2.34 అడిగే ప్రోగ్రామ్ 20.04లో నడవదు, 22.04లో నడుస్తుంది. కాబట్టి ఆపరేటింగ్ సిస్టమ్‌నే కొత్తదానికి మార్చాలి, లేదా ప్రోగ్రామ్‌ను సోర్సు నుంచి కట్టుకోవాలి, లేదా కంటైనర్‌లో, అంటే తన లైబ్రరీలన్నీ తనలోనే ఉన్న పెట్టెలో నడపాలి.

పాత సాఫ్ట్‌వేర్‌కు లిబ్‌ఎస్ఎస్ఎల్ 1.1 కావాలి, ఉబుంటు 22.04లో లేదు.

ఆ విడుదలతో ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 3 వచ్చింది. ముందు ఆ సాఫ్ట్‌వేర్‌కే కొత్త వెర్షన్ ఉందేమో చూడండి, చాలాసార్లు ఉంటుంది. లేకపోతే పాత ఉబుంటు కంటైనర్‌లో నడపండి.

## పైథాన్, ఆర్, గ్రాఫిక్స్ కార్డు

కోండా (పైథాన్ ప్యాకేజీల మేనేజర్) వాతావరణంలో జీలిబ్‌సీఎక్స్‌ఎక్స్ 3.4.30 లేదంటోంది. సిస్టమ్‌లో చూస్తే ఉంది!

జీలిబ్‌సీఎక్స్‌ఎక్స్ అంటే సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ వెర్షన్ గుర్తు. ఆ లైబ్రరీ మీ కంప్యూటర్‌లో రెండు చోట్ల ఉంది: ఒకటి ఉబుంటుది, ఒకటి కోండాది. పైథాన్ కోండాదాన్ని ముందుగా ఎత్తుకుంది, అది పాతది. 3.4.30 జీసీసీ 12తో వచ్చింది. కోండా-ఫోర్జ్ ఛానల్ నుంచి లిబ్‌ఎస్‌టీడీసీఎక్స్‌ఎక్స్-ఎన్‌జీ ప్యాకేజీని కొత్తదానికి మార్చితే సరిపోతుంది. కోండాలోని ఫైలును చెరిపేసి సిస్టమ్ ఫైలుకు లింకు పెట్టమనే సలహాలు చాలా తిరుగుతున్నాయి. పనిచేస్తుంది, తర్వాతి అప్‌డేట్ దాకా.

బొమ్మలు విశ్లేషించే ఓపెన్‌సీవీని పైథాన్‌లో ఇంపోర్ట్ చేస్తే లిబ్‌జీఎల్ లేదంటోంది. నాకు గ్రాఫిక్స్ అవసరమే లేదు కదా?

మీకు లేదు, దానికి ఉంది: బొమ్మను కిటికీలో చూపించే భాగం దాన్ని అడుగుతుంది. తెర లేని సర్వర్ అయితే పిప్‌తో పెట్టిన ఓపెన్‌సీవీని తీసేసి, పేరు చివర ‘హెడ్‌లెస్’ ఉన్న ప్యాకేజీ పెట్టండి. సొంత ల్యాప్‌టాప్ అయితే ఆప్ట్‌తో లిబ్‌జీఎల్1 పెడితే చాలు.

వంశధార పరీవాహక ప్రాంతం మ్యాపు కోసం ఆర్‌లో ఎస్ఎఫ్ ప్యాకేజీ పెడుతుంటే పావుగంట నడిచి ఆగిపోతోంది.

లినక్స్‌లో ఆర్ చాలా ప్యాకేజీలను అక్కడికక్కడే కంపైల్ చేస్తుంది, వాటికి కావలసిన సిస్టమ్ లైబ్రరీలను మాత్రం తను తేదు. ఎస్ఎఫ్‌కు ముందుగా లిబ్‌జీడీఏఎల్-డెవ్, లిబ్‌జియోస్-డెవ్, లిబ్‌ప్రోజ్-డెవ్, లిబ్‌యూడీయూనిట్స్2-డెవ్ పెట్టండి. తెర మీద వచ్చిన వందల వరుసల్లో చివరిది చదవకండి, అది వైఫల్యమని మాత్రమే చెబుతుంది. పైకి వెళ్లి ఎర్రర్ అన్న మాట మొదటిసారి ఎక్కడ వచ్చిందో చూడండి.

నిన్నటిదాకా పనిచేసి, ఉబుంటును 20.04 నుంచి 22.04కు మార్చాక ఆగిపోయిందంటే కారణం వేరు. పాత ప్యాకేజీ లిబ్‌జీడీఏఎల్.ఎస్ఓ.26 కోసం చూస్తోంది, కొత్త ఉబుంటులో ఉన్నది 30. ఎస్ఎఫ్‌ను ఆర్‌లోనే తీసేసి మళ్లీ పెట్టండి.

లిబ్‌కుడా.ఎస్ఓ.1 లేదంటోంది. కుడా టూల్‌కిట్ మూడుసార్లు పెట్టాను.

ముప్ఫైసార్లు పెట్టినా అది రాదు. కుడా అంటే ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు మీద లెక్కలు చేయించే వ్యవస్థ. లిబ్‌కుడా ఎన్‌విడియా డ్రైవర్‌తో వస్తుంది, టూల్‌కిట్‌తో కాదు. టూల్‌కిట్‌తో వచ్చేది లిబ్‌కుడాఆర్‌టీ. ఎన్‌విడియా-ఎస్ఎంఐ నడిపి చూడండి, అది కార్డును చూపించకపోతే పని డ్రైవర్ దగ్గర మొదలవ్వాలి.

క్యూటీ ఎక్స్‌సీబీ ప్లగిన్ తెరవలేకపోయానని కిటికీ రావడం లేదు.

క్యూటీ అంటే కిటికీలు, బటన్లు గీసే లైబ్రరీ. దాని 6.5 వెర్షన్ నుంచి లిబ్‌ఎక్స్‌సీబీ-కర్సర్0 కావాలి. అది పెట్టండి.

## నెట్ లేనిచోట, అనుమతి లేనిచోట

ల్యాబ్ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ లేదు. పెన్‌డ్రైవ్‌లో ఎలా తీసుకెళ్లాలి?

ఇంట్లో మీ ల్యాప్‌టాప్‌లో ప్యాకేజీ దించి తీసుకెళితే చాలదు, ఎందుకంటే మీ ల్యాప్‌టాప్‌లో ముందే ఉన్న లైబ్రరీలు ల్యాబ్‌లో ఉండకపోవచ్చు. అడగవలసింది ల్యాబ్ కంప్యూటర్‌నే. అక్కడ ‘ఆప్ట్-గెట్ ఇన్‌స్టాల్’కు రెండు హైఫన్లతో ‘ప్రింట్-యూఆర్ఐస్’ చేర్చి, ప్యాకేజీ పేరు ఇవ్వండి. ఏమీ దించదు, దించవలసిన ప్రతి ఫైలు చిరునామా రాసిస్తుంది. ఆ జాబితాను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, నెట్ ఉన్నచోట అన్నీ దించి, తిరిగి వచ్చి ఒకే ఫోల్డర్ నుంచి అన్నిటినీ కలిపి డీపీకేజీతో పెట్టండి. ల్యాబ్ కంప్యూటర్‌లోని ప్యాకేజీ జాబితా మరీ పాతదైతే కొన్ని చిరునామాలు పనిచేయవు. ఒకసారి ఫోను హాట్‌స్పాట్‌తో జాబితాను మాత్రం అప్‌డేట్ చేసుకుంటే ఆ బాధ తప్పుతుంది.

క్లస్టర్‌లో (అందరూ పంచుకునే సర్వర్ల గుంపులో) సుడో ఇవ్వరు. అక్కడ లైబ్రరీ ఎలా?

చాలాసార్లు అది అక్కడే ఉంటుంది, తలుపు తెరవాలి అంతే. ‘మాడ్యూల్ అవైల్’ కొట్టి జాబితా చూడండి, కావలసినదాన్ని ‘మాడ్యూల్ లోడ్’తో తెచ్చుకోండి. జాబ్ స్క్రిప్ట్‌లో కూడా అదే వరుస రాయాలి, లాగిన్‌లో లోడ్ చేశాను కదా అంటే కుదరదు. లేకపోతే మీ హోమ్ ఫోల్డర్‌లో మినీఫోర్జ్ (కోండాను పెట్టే చిన్న ఇన్‌స్టాలర్) పెట్టుకోండి, సుడో అక్కర్లేదు. సర్వర్‌లో కంటైనర్లు నడిపే ఆప్‌టైనర్ ఉంటే కంటైనర్ మరీ మేలు.

ఒకే లెక్కను చాలా కంప్యూటర్లకు పంచి నడిపే ఎంపీఐ దగ్గర మాత్రం కళ్లు తెరిచి ఉండాలి. లిబ్‌ఎంపీఐ.ఎస్ఓ.40 అడిగితే అది ఓపెన్ ఎంపీఐ, 12 అడిగితే ఎంపిచ్ కుటుంబం. రెండూ ఒకే పేరు పెట్టుకున్న వేర్వేరు లైబ్రరీలు, ఒకదాని బదులు ఇంకొకటి పనికిరాదు.

అన్నీ సరిగానే ఉన్నాయి, నా కంప్యూటర్‌లో మాత్రం కంపైల్ కాదు. ఫోల్డర్ పేరు వల్ల అవుతుందా?

అవుతుంది. ‘న్యూ ఫోల్డర్ 2’ లాంటి ఖాళీలున్న పేర్లు, ఒడియాలోనో తెలుగులోనో పెట్టిన పేర్లు చాలా పాత బిల్డ్ స్క్రిప్ట్‌లకు మింగుడుపడవు. భాషాభిమానం ఫైళ్ల లోపల చూపించండి, ఫోల్డర్ పేరు మాత్రం ఖాళీలు లేని ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి.

## ఎవరినైనా అడిగేటప్పుడు

ఇవన్నీ చేసినా కుదరలేదు. మీకు ఏమి పంపాలి సార్?

తెర ఫొటో వద్దు, అందులో ఫైలు పేరు చివరి అంకె ఎప్పుడూ మసకగానే ఉంటుంది. అక్షరాలుగా కాపీ చేసి పంపండి: మీరు కొట్టిన కమాండ్, ఎర్రర్ మొత్తం, ఆ ప్రోగ్రామ్ మీద ఎల్‌డీడీ చూపించినది, ఈటీసీలోని ఓఎస్-రిలీజ్ ఫైలు. ప్రోగ్రామ్‌ను ఎక్కడి నుంచి తెచ్చారో కూడా రాయండి: ఆప్ట్, కోండా, సోర్సు, లేక ఎవరి పెన్‌డ్రైవ్ నుంచైనా. కంప్యూటర్ భాష ఒడియాకు మార్చి ఉంటే, కమాండ్ ముందు పెద్ద అక్షరాల్లో ఎల్‌సీ_ఆల్=సి అని రాసి మళ్లీ నడపండి, ఎర్రర్ ఇంగ్లీషులో వస్తుంది. నాకు ఒడియా వచ్చు, వెతికి పెట్టే సైట్లకే రాదు.